తెల్లబడినవి నా కాలి వేళ్లు, అడ్డు దొరికింది నాన్న కాల్లో

నలభై దాటాక మొదలైంది నాకీ సమస్య. ఏసీ గదిలో కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, కుడికాలి రెండో వేలు, మూడో వేలు మొద్దుబారిపోయేవి. సాక్స్ తీసి చూస్తే వేలి కొస నుంచి మధ్య కణుపు దాకా సుద్దముక్కలా తెల్లగా ఉండేది. ఆ పైన మామూలు రంగే. తెలుపు ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలిసిపోయేది. కాసేపటికి అది నీలంగా మారేది. లేచి బయటికొచ్చి కాళ్లు కాస్త వెచ్చబడ్డాక వేళ్లు ఎర్రబడి సలుపు పెట్టేవి. పావుగంటకో ఇరవై నిమిషాలకో అంతా మామూలైపోయేది. కొన్నాళ్లకు ఎడమకాలి వేళ్లు కూడా ఇదే దారి పట్టాయి.

మా నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. అందుకని కాలి వేలికి రక్తం అందడం లేదన్న మాటను మా ఇంట్లో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. వేలు నల్లబడి తీసేయాల్సి వచ్చినవాళ్ల గురించి విని ఉన్నాం కాబట్టి నా మనసు నేరుగా అక్కడికే పోయింది. ఇంటర్నెట్‌లో వెతికిన కొద్దీ జబ్బుల పేర్లు పెరిగాయే తప్ప నాది ఏదో తేలలేదు, టెన్షన్ మాత్రం పెరిగింది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ దారిలో నేను చూసినవి, డాక్టర్లు వివరించినవి ఇక్కడ రాస్తున్నాను. నాకు తేలిందే మీకూ తేలుతుందని కాదు. పైకి ఒకేలా కనిపించే వేలి వెనక ఎన్ని వేర్వేరు కారణాలు ఉండొచ్చో, డాక్టర్లు వాటిని ఎలా విడదీస్తారో తెలిస్తే చూపించుకోవడానికి వెళ్లేవాళ్లకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

వెళ్లే ముందు నేను చేసినదాంట్లో బాగా పనికొచ్చింది ఫోటోలు తీయడం. ఈ రంగు మార్పులు మన అపాయింట్‌మెంట్ టైముకు రావు. డాక్టరు ముందు కూర్చునే సరికి వేళ్లు శుభ్రంగా, వెచ్చగా ఉంటాయి. అందుకని వేళ్లు తెల్లబడినప్పుడు, నీలంగా ఉన్నప్పుడు, ఎర్రబడ్డాక ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నాను అన్నది పక్కనే రాసుకున్నాను. వాడే మందులన్నీ, నొప్పికీ జలుబుకీ అప్పుడప్పుడు వేసుకునేవాటితో సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లాను. మా ఫ్యామిలీ డాక్టరుగారు ఆ ఫోటోలను ఒకటికి రెండుసార్లు పెద్దవి చేసి చూశారు.

ఆవిడ ముట్టుకుని చూసేకంటే ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. ఒక కాలికేనా, రెండు కాళ్లకూనా? అన్ని వేళ్లకా, కొన్నింటికేనా? చేతివేళ్లు కూడా తెల్లబడుతున్నాయా? చలికి వస్తోందా, ఏ కారణం లేకుండానే వస్తోందా? ఆందోళనగా ఉన్నప్పుడు వస్తోందా? కొంతదూరం నడిచాక పిక్కలో పట్టేసినట్టు నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతోందా? రాత్రి పడుకున్నాక పాదంలో నొప్పి వచ్చి, కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటోందా? వేళ్ల మీద మానని పుండు ఏదైనా ఉందా? సిగరెట్, బీడీ, పొగాకు నమలడం? కీళ్ల నొప్పులు, నోరు ఎండిపోవడం, చర్మం బిగుసుకుపోవడం, ఎండకి మొహం మీద దద్దుర్లు? డ్రిల్లింగ్ మెషీన్ లాంటి అదిరే పనిముట్లతో పని చేస్తారా?

కాలి వేలికీ నోరు ఎండిపోవడానికీ సంబంధమేమిటని అడిగేశాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. రక్తం తక్కువగా అందడానికి రెండు రకాల దారులున్నాయి. ఒకటి, రక్తనాళం లోపల కొవ్వు పేరుకునో గడ్డకట్టో దారి మూసుకుపోవడం. రెండోది, నాళం లోపల ఏ అడ్డూ లేకపోయినా దాని గోడ అవసరానికి మించి ముడుచుకుపోవడం. చలి వేసినప్పుడు ఒంట్లో వేడిని కాపాడటానికి వేళ్ల చివర్లలోని చిన్న నాళాలు ఎవరికైనా కొంత ముడుచుకుంటాయి. కొందరిలో ఆ ముడుచుకోవడం మరీ ఎక్కువై, కాసేపు రక్తం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు వేలు తెల్లబడుతుంది. లోపల నిలిచిన రక్తంలో ఆక్సిజన్ అయిపోయే కొద్దీ నీలంగా అవుతుంది. నాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా రాగానే ఎర్రబడుతుంది. దీన్ని 1862లో మోరిస్ రేనో అనే ఫ్రెంచ్ వైద్యుడు వర్ణించాడు, అందుకే రేనో అంటారు. చాలామందిలో ఇది దానంతట అదే వచ్చేది, పెద్ద ప్రమాదం లేనిది. కొందరిలో మాత్రం స్క్లెరోడెర్మా (చర్మం బిగుసుకుపోయే జబ్బు), లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులకు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన ఒంటి మీద దాడి చేసే జబ్బులకు, ఇది తొలి గుర్తు అవుతుంది. నోరు ఎండిపోవడం గురించి, చర్మం గురించి అడిగింది అందుకే.

"మామూలు రేనో ఎక్కువగా పదిహేను, ముప్పై ఏళ్ల మధ్య మొదలవుతుంది. మీకు నలభై దాటాక మొదలైంది కాబట్టి కారణం వెతక్కుండా వదిలేయను" అన్నారు. భయపెట్టే మాటే, కానీ నాకు అది నచ్చింది.

తర్వాత పరీక్ష. పాదం పైభాగంలో ఒక చోట, లోపలివైపు చీలమండ ఎముక వెనక ఇంకో చోట వేళ్లు పెట్టి నాడి చూశారు. పాదం పైన ఉండే నాడి కొంతమంది ఆరోగ్యవంతుల్లో కూడా దొరకదట. కాబట్టి ఇంట్లో ఎవరికి వారు చూసుకుని, నాడి దొరకలేదని కంగారు పడక్కర్లేదు. దొరికింది కదా అని ధీమాగా ఉండటమూ సరికాదు. బొటనవేలి గోరును నొక్కి వదిలి, తెల్లబడ్డ గోరు మళ్లీ గులాబీ రంగుకు రావడానికి ఎన్ని క్షణాలు పడుతుందో చూశారు. మామూలుగా రెండు సెకన్లలో రంగు రావాలి, కాళ్లు చల్లగా ఉంటే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. నన్ను పడుకోబెట్టి రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకున్నారు. పెద్ద నాళాల్లో అడ్డు ఉన్నవాళ్లకు పైకెత్తినప్పుడు పాదం పాలిపోతుంది, తర్వాత కిందికి వేలాడేస్తే ముదురు ఎరుపెక్కుతుంది. నాకు అలా జరగలేదు. వేళ్ల మధ్య సందులు కూడా విడదీసి చూశారు, పుండ్లు దాక్కునేది అక్కడేనట.

మనలాంటి ఒంటి రంగు ఉన్నవాళ్లందరూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. పుస్తకాల్లో తెలుపు, నీలం, ఎరుపు అని రాసి ఉంటుంది. చామనఛాయలో, నల్లని చర్మంలో ఆ రంగులు అంత తేటగా కనిపించవు. తెలుపు బదులు బూడిద రంగులా, పాలిపోయిన పసుపులా ఉండొచ్చు. ఎరుపు అసలు కనిపించకపోవచ్చు. గోళ్ల కింద, అరికాలి వైపు, వేళ్ల కొసల అడుగున చూస్తే తెలుస్తుంది. పక్క వేలితోనో రెండో కాలితోనో పోల్చి చూడటం, చేతి వెనకభాగంతో ముట్టుకుని చల్లదనం తెలుసుకోవడం ఇంకా మేలు. నాకు ముందు కుడికాల్లో మొదలైంది కాబట్టి తేడా పట్టుకోగలిగాను. రెండు కాళ్లకూ ఒకేసారి మొదలై ఉంటే ఇంకొన్ని నెలలు గమనించేదాన్ని కాదేమో.

ఇంకో విషయం. కాలు నిజంగా చల్లగా ఉండటం వేరు, చల్లగా ఉన్నట్టు అనిపించడం వేరు. రెండోది చాలాసార్లు రక్తం సమస్య కాదు, నరాల సమస్య. షుగర్ ఎక్కువకాలం ఉన్నా, బీ12 తగ్గినా నరాలు దెబ్బతిని వేళ్లలో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టుండటం, చల్లదనం అనిపిస్తాయి. ముట్టుకుంటే పాదం వెచ్చగానే ఉంటుంది, నాడి బాగానే కొడుతుంది. చాలామంది వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే రక్తప్రసరణ తగ్గిందనే అనుకుంటారు. నేనూ మొదట అదే అనుకున్నాను, నా విషయంలో అది నిజమే అయింది కానీ అందరికీ కాదు. ఈ తేడా తేల్చడానికి డాక్టరుగారు సన్నని నైలాన్ పోగుతో అరికాల్లో అక్కడక్కడ తాకించి, నన్ను కళ్లు మూసుకుని తగిలిన ప్రతిసారీ చెప్పమన్నారు. ఆ పోగు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేస్తారు. ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి, అదురు తెలుస్తోందా అని కూడా అడిగారు. నాకు అన్నీ తెలిశాయి.

ఆ రోజు ఆవిడ మాటల్లో ఇంకా చాలా పేర్లు వచ్చాయి. నా మటుకు అవన్నీ కావని తేలినా, వాటి గుర్తులు తెలుసుకోవడం మంచిదని రాస్తున్నాను. చలికీ తేమకూ వేళ్ల మీద దురద, మంటతో ఎర్రని లేదా ఊదారంగు వాపు మచ్చలు లేచి, ఒకటి నుంచి మూడు వారాలు ఉండి తగ్గితే అవి చిల్‌బ్లెయిన్స్. రేనోలా పావుగంటలో పోవు. 2020లో కోవిడ్ సమయంలో వేళ్లకు ఇలాంటి మచ్చలే చాలామందిలో కనిపించాయి. వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండి, నొప్పి లేకుండా, తెల్లబడకుండా ఉంటే అది అక్రోసయనోసిస్ కావచ్చు, చాలాసార్లు దానితో హాని ఉండదు. దానికి పూర్తి విరుద్ధంగా వేళ్లు ఎర్రబడి మండిపోతూ, చల్లటి నేల మీద పెడితేనే హాయిగా ఉండే జబ్బూ ఒకటుంది. దాన్ని ఎరిత్రోమెలాల్జియా అంటారు. థైరాయిడ్ తక్కువ పని చేసినా, రక్తం తక్కువగా ఉన్నా కాళ్లు చల్లబడతాయి. బూటు ముందుభాగం ఇరుకైతే వేళ్లు నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతాయి. డాక్టరుగారు నా బూట్లు కూడా చేత్తో తీసుకుని లోపల చూశారు.

పొగాకు గురించి మాత్రం ఆవిడ గొంతు మారింది. బర్గర్స్ అని ఒక జబ్బు ఉంది, 1908లో లియో బర్గర్ వివరంగా రాశాడు. పొగాకు వాడే చిన్న వయసు వాళ్లకు, ఎక్కువగా యాభై లోపువాళ్లకు వస్తుంది. చేతులు, కాళ్ల చిన్న, మధ్యరకం నాళాలు వాచి, గడ్డలతో మూసుకుపోతాయి. వేళ్ల కొసల్లో భరించలేని నొప్పి, పుండ్లు వస్తాయి. పొగాకు పూర్తిగా మానేస్తేనే ఆగుతుంది, తగ్గించుకుంటే చాలదు. మానలేక ఒక్కో వేలూ పోగొట్టుకున్నవాళ్లను ఆవిడ చూశారట. ఇది చదివేవాళ్లలో పొగాకు వాడుతూ వేళ్లు చల్లబడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ ఒక్క విషయానికైనా వెంటనే డాక్టరును కలవండి.

రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్, షుగర్‌కు హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కొలెస్ట్రాల్, బీ12, కిడ్నీ పరీక్ష, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, ఆటోఇమ్యూన్ జబ్బుల కోసం ఏఎన్‌ఏ. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ, 6.5, అంతకంటే ఎక్కువైతే షుగర్ అని లెక్క. నాది 5.7 కంటే తక్కువే వచ్చింది. మిగతావీ మామూలుగానే ఉన్నాయి. ఏఎన్‌ఏ గురించి డాక్టరుగారు ముందే హెచ్చరించారు, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా అది కొద్దిగా పాజిటివ్ రావచ్చు, రిపోర్టు చూసి మీరే ఏదో నిర్ణయించుకోవద్దు అని. నాకు నెగెటివ్ వచ్చింది.

అయినా ఒకసారి రుమటాలజిస్ట్‌కు, అంటే కీళ్ల, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టరుకు, చూపించమని పంపించారు. అక్కడ జరిగిన పరీక్ష గురించి నేను ముందెప్పుడూ వినలేదు. చేతి గోరు మొదట్లో, చర్మం గోరును కలిసే చోట, నూనె చుక్క వేసి మైక్రోస్కోప్ లాంటి దానితో చూస్తారు. అక్కడి కేశనాళికలు, అంటే వెంట్రుకంత సన్నని రక్తనాళాలు, చర్మానికి సమాంతరంగా ఉంటాయి కాబట్టి పైనుంచే కనిపిస్తాయి. మామూలు రేనోలో అవి సన్నగా, ఒకే వరుసలో ఉంటాయి. స్క్లెరోడెర్మా మొదలవుతుంటే కొన్ని ఉబ్బిపోయి, కొన్ని మాయమై, మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. నొప్పి లేదు, సూది లేదు. తెర మీద నా వేలి నాళాలు నాకే చూపించి, వరుస బాగుందని ఆ డాక్టరు చెప్పినప్పుడు ఎన్నాళ్ల నుంచో ఉన్న భారం దిగింది.

అయితే కారణం ఏమిటి? అది నేను తీసుకెళ్లిన మందుల కవర్లో ఉంది. మైగ్రేన్ తలనొప్పి రాకుండా అంతకు కొన్ని నెలల ముందు నాకు ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. అది బీటా బ్లాకర్ రకం మందు. బీపీకి, గుండెదడకు, చేతులు వణకడానికి, మైగ్రేన్‌కు వాడతారు. చేతులు, కాళ్ల చివరి నాళాలు ఎక్కువగా ముడుచుకునేలా చేయడం ఆ రకం మందుల్లో తెలిసిన దుష్ప్రభావమే. మందు మొదలైన తేదీని, నా మొదటి ఫోటో తేదీని ఫ్యామిలీ డాక్టరుగారు పక్కపక్కన పెట్టి చూపించారు. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ ఉన్న బిళ్లలు, మైగ్రేన్‌కు వాడే ఎర్గట్ మందులు, కొన్ని రకాల క్యాన్సర్ మందులు కూడా ఇలాగే చేయగలవట. జలుబు బిళ్లలు ఇంట్లో చేతికి దొరికినవి వేసుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

"అయితే ఈ రోజు నుంచే మానేస్తాను" అన్నాను.

"వద్దు. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపకూడదు. గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పెరుగుతాయి. మీ తలనొప్పి డాక్టరుతో నేను మాట్లాడతాను, మెల్లగా తగ్గించి వేరే మందుకు మారుద్దాం" అన్నారు.

కారణం దొరకగానే మనంతట మనమే మందు ఆపేయాలనిపించడం సహజం, కానీ అది డాక్టరు చేతిలో ఉండాల్సిన పని. కొన్ని వారాల్లో డోసు తగ్గుతూ వచ్చింది, వేరే మందు మొదలైంది. వేళ్లు తెల్లబడటం క్రమంగా తగ్గింది. పూర్తిగా పోలేదు. నా నాళాలకు ముందే కొంత ఆ గుణం ఉండి ఉంటుందనీ, మందు దాన్ని బయటపెట్టి ఉంటుందనీ డాక్టరు అభిప్రాయం. ఇప్పుడు జాగ్రత్తలతో సరిపోతోంది. పాదాలకే కాదు, ఒళ్లంతా వెచ్చగా ఉంచుకుంటున్నాను. ఒళ్లు చల్లబడితే కాళ్లకు ఎన్ని సాక్స్ వేసినా లాభం లేదు. తడిసిన సాక్స్ వెంటనే మార్చుకుంటున్నాను. వేళ్లు కదలడానికి చోటున్న బూట్లే వేసుకుంటున్నాను. వేలు తెల్లబడితే గోరువెచ్చని నీళ్లలో పెడతాను, వేడి నీళ్లలో కాదు. మొద్దుబారిన వేలికి వేడి తెలియదు, కాలిపోతుంది. జాగ్రత్తలు చాలనివాళ్లకు నాళాలను వదులు చేసే నిఫెడిపిన్, ఎమ్లోడిపిన్ లాంటి మందులు ఇస్తారు. నాకు ఇంతవరకు అవసరం పడలేదు.

నాన్న సంగతి దీని మధ్యలో మొదలైంది. మొదటి రోజే డాక్టరుగారు ఇంట్లో ఎవరికైనా కాళ్ల సమస్యలు, గుండెజబ్బు, షుగర్ ఉన్నాయా అని అడిగారు. నాన్నకు షుగర్ ఉందని, చాలా ఏళ్లు సిగరెట్లు కాల్చారని, ఇప్పుడు తగ్గించినా పూర్తిగా మానలేదని చెప్పాను. "ఆయన పాదాలు చివరిసారి ఎవరు చూశారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు ఏ ఇబ్బందీ లేకపోయినా కనీసం ఏడాదికోసారి డాక్టరు చూడాలి.

నాన్న ఒప్పుకోలేదు. "నాకేమైందమ్మా? నొప్పి లేదు, మంట లేదు. నీ కాళ్లు నువ్వు చూపించుకో" అన్నారు.

"నాకు తోడుగా రండి నాన్నా, ఒక్కసారి ఆవిడ చూస్తే నాకు నిశ్చింతగా ఉంటుంది" అని బతిమాలితే వచ్చారు.

నాన్న పాదాలను అంత దగ్గరగా నేను అప్పుడే చూశాను. మోకాలి కింద చర్మం పలచబడి మెరుస్తోంది. వేళ్ల మీద వెంట్రుకలు లేవు. గోళ్లు మందంగా ఉన్నాయి. ఒక పాదం రెండోదానికంటే చల్లగా ఉంది, ఆ కాలి పాదం పైనా చీలమండ వెనకా నాడి రెండుచోట్లా అందలేదు. నైలాన్ పోగు ఆనించినప్పుడు సగం చోట్ల ఆయనకు తెలియనే లేదు. నడిచినప్పుడు పిక్క నొప్పి వస్తుందా అంటే లేదన్నారు. "మరి ఎంత దూరం నడుస్తారు?" అని అడిగితే, ఈ మధ్య కాస్త నడిచి ఆగుతున్నాననీ, వయసు కదా అనుకున్నాననీ చెప్పారు. నొప్పి రాకముందే ఆగిపోవడం, నెమ్మదిగా నడవడం, బయటికి వెళ్లడం తగ్గించుకోవడం ఈ జబ్బులో మామూలేనని డాక్టరుగారు అన్నారు. దానికితోడు షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయి కాబట్టి నొప్పి చెప్పాల్సినంత చెప్పడం లేదు.

ఏబీఐ అనే పరీక్ష చేశారు. చేతికి, చీలమండకు బీపీ పట్టీ కట్టి, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో నాడి వింటూ రెండుచోట్లా రక్తపోటు కొలుస్తారు. చీలమండ దగ్గర వచ్చిన అంకెను చేతి దగ్గర వచ్చిన అంకెతో భాగిస్తారు. 1.0 నుంచి 1.4 దాకా మామూలు. 0.9, అంతకంటే తక్కువ అయితే కాలి ధమనుల్లో అడ్డు ఉన్నట్టు. నాది 1.1 వచ్చింది. నాన్నది చల్లగా ఉన్న కాలికి 1.4 దాటింది. ఎక్కువ వచ్చింది కాబట్టి మంచిదేననుకుని నేను ఊపిరి పీల్చుకోబోయాను. కాదట. షుగర్ ఎక్కువకాలం ఉన్నవాళ్లలో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమని గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడతాయి. పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు, అంకె అబద్ధంగా పెరుగుతుంది. అలాంటప్పుడు బొటనవేలికి చిన్న పట్టీ కట్టి అక్కడి రక్తపోటు కొలవాలి, ఎందుకంటే వేళ్ల నాళాలు అంతగా గట్టిపడవు. దాన్ని కూడా చేతి అంకెతో భాగిస్తే 0.7 కంటే తక్కువ వస్తే రక్తం సరిగా అందనట్టు. నాన్నకు 0.5 దగ్గర వచ్చింది. తర్వాత తీసిన డాప్లర్ స్కాన్‌లో మోకాలి కింది ధమనుల్లో అడ్డులు కనిపించాయి. షుగర్ ఉన్నవాళ్లలో అవి ఎక్కువగా వచ్చే చోటు అదే.

రంగులు మారి నన్ను అంత భయపెట్టిన నా వేళ్లలో అడ్డేమీ లేదు. ఏ ఫిర్యాదూ లేని ఆయన కాల్లో ఉంది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆ రోజు ఆయన్ను బతిమాలి తీసుకెళ్లడం ఎంత మంచిదయిందో అనిపిస్తుంది.

రక్తనాళాల జబ్బులు చూసే వాస్కులర్ సర్జన్‌ను కలిశాం. పేరులో సర్జన్ ఉందని నాన్న భయపడ్డారు కానీ, పుండు, పడుకున్నప్పుడు నొప్పి లేనివాళ్లకు మొదటి వైద్యం చాలావరకు మందులు, నడక, పొగాకు మానడమేనని ఆయన చెప్పారు. కాలి ధమనుల్లో కొవ్వు పేరుకుందంటే గుండె, మెదడు నాళాల్లో కూడా పేరుకుని ఉండొచ్చు. కాబట్టి గుండెపోటు, పక్షవాతం ముప్పు తగ్గించడం కూడా ఈ వైద్యంలో భాగమే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఒక మందు రాశారు. షుగర్, బీపీ అదుపు గురించి గట్టిగా చెప్పారు. సిగరెట్ ఆ రోజే ఆపాలన్నారు. నాన్న ఆపారు, దానికి సాయంగా మందు, కౌన్సెలింగ్ తీసుకున్నారు. పట్టుదల ఒక్కటే సరిపోదని, సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదని డాక్టరు చెప్పడం ఆయనకు బాగా పనిచేసింది.

నడకకు ఒక పద్ధతి చెప్పారు. పిక్కలో నొప్పి ఓ మోస్తరు అయ్యేదాకా నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి. ఆగే సమయంతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 సార్లు, కనీసం 12 వారాలు. నొప్పి వస్తే నడవకూడదేమో అనుకునేవాళ్లం మేము. ఇలా నడిస్తే కండరాలు ఉన్న రక్తాన్నే మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటాయట. పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి నడకకు వెళ్లే ముందు బూటు లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి, వచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకూడదు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోకూడదు. వేడినీళ్ల సంచి పాదాల దగ్గర పెట్టుకోకూడదు.

సాయంత్రాలు కాళ్లు వాస్తున్నాయని నాన్న కొని పెట్టుకున్న బిగుతు సాక్స్ కూడా చూపించాం. సర్జన్ వాటిని వెంటనే పక్కన పెట్టించారు. సిరల సమస్యతో వచ్చే వాపుకు అవి మంచివే. కానీ ధమనుల్లో అడ్డు బాగా ఉన్న కాలికి వేస్తే, వచ్చే కొద్దిపాటి రక్తాన్ని కూడా నొక్కేస్తాయి, చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. కాలి రక్తపోటు కొలవకుండా వాటిని ఎవరి సలహా మీదా వేసుకోవద్దన్నారు.

ఏ గుర్తులు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి రావాలో కాగితం మీద రాసిచ్చారు. ఒక కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతమైన నొప్పి రావడం. దాంతోపాటు స్పర్శ పోవడం, వేళ్లు కదపలేకపోవడం. ఇవి ధమని ఒక్కసారిగా మూసుకుపోయిన గుర్తులు, గంటల్లో వైద్యం జరగకపోతే కాలే పోవచ్చు. వేలు నల్లబడటం, పుండు నుంచి చీము, దుర్వాసన, పైకి పాకే ఎరుపు, జ్వరం ఉన్నా అదే రోజు రావాలి. నాడి బాగానే ఉండగా ఒకటి రెండు వేళ్లు ఉన్నట్టుండి నొప్పితో నీలమైతే కూడా వదిలేయకూడదు. పెద్ద ధమని గోడ నుంచి కొలెస్ట్రాల్ ముక్కలు ఊడి వచ్చి వేలి చివర ఇరుక్కుంటే అలా అవుతుంది. చిన్న పుండు రెండు వారాలు చూద్దాంలే అనే అలవాటు షుగర్ ఉన్న ఇంట్లో ఉండకూడదని ఆయన ప్రత్యేకంగా నాతో అన్నారు. ఆ కాగితం మా ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించాను.

మూడు నెలల తర్వాత నాన్నను మళ్లీ చూశారు. బొటనవేలి రక్తపోటులో పెద్ద మార్పు లేదు. కానీ ఆగకుండా నడిచే దూరం బాగా పెరిగింది, కొలెస్ట్రాల్ దిగింది, పుండ్లు లేవు. ఇలాగే కొనసాగించమన్నారు, నొప్పి జీవితానికి అడ్డమైతేనో పుండు పడితేనో బెలూన్, స్టెంట్, బైపాస్ గురించి ఆలోచిద్దామన్నారు. నాకు రుమటాలజిస్ట్ చెప్పింది వేరు. రేనో ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఆటోఇమ్యూన్ జబ్బు ఏళ్ల తర్వాత బయటపడొచ్చు కాబట్టి ఏడాదికోసారి రమ్మన్నారు. ఈలోగా వేళ్ల కొసల్లో పుండు పడినా, ఒక్క కాలికే ఎక్కువైనా, చేతివేళ్లు ఉబ్బి చర్మం బిగుసుకుంటున్నట్టు అనిపించినా, మింగడం కష్టమైనా ముందే రమ్మన్నారు. తర్వాతి చెకప్‌కు ఇద్దరం ఒకే రోజు టైము తీసుకున్నాం.